గడ్డం మీద మూడు చుక్కలు

కిందటి నెల జగ్గయ్యపేటలో నా చిన్ననాటి స్నేహితురాలు పోతే పెద్దకర్మకి వెళ్లాను. ఆటో దిగేసరికి సందు మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. తెల్లగా, నున్నగా, బుగ్గల మీద గులాబీ రంగుతో ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. ఈ వీధిలో ఇంకెవరో కూడా పోయినట్టున్నారు పాపం అనుకుంటూ దాన్ని దాటి లోపలికి పోయాను. అది మా స్నేహితురాలేనని భోజనాల దగ్గర తెలిసింది. చిన్నప్పుడు మశూచి పోసి ఆమె ముఖమంతా మచ్చలుండేవి. ఆ మచ్చలతోనే పెళ్లి చేసుకుంది, ఆ మచ్చలతోనే నలుగురిని కని పెంచింది, వీధి వీధంతటినీ దబాయించి బతికింది. "ఎవర్రా ఈ పని చేసింది?" అని వాళ్లబ్బాయిని అడిగాను. "బాగా రాలేదా అత్తా? షాపతను కంప్యూటర్లో క్లీన్ చేసిచ్చాడు" అన్నాడు. బాగానే ఉందిరా అన్నాను. అంతకంటే ఏమనగలను? ఆ షాపతను పుట్టకముందే ఈ ఊళ్లల్లో మనుషుల ముఖాలు కడిగే పని మొదలుపెట్టినదాన్ని నేను.

నన్ను నందిగామ ఇచ్చారు. మా మావగారికి పాత బస్టాండు వెనక సందులో ఫొటో స్టూడియో ఉండేది. వీధివైపు గది స్టూడియో, దాని వెనక డార్క్‌రూమ్, దాని వెనక మా వంటిల్లు. డార్క్‌రూమ్ నుంచి ఫొటోలు కడిగే హైపో మందు వాసన వంటింట్లోకి, వంటింటి నుంచి పోపు వాసన డార్క్‌రూమ్‌లోకి ధారాళంగా తిరుగుతుండేవి. పచ్చళ్ల జాడీలు కూడా హైపో కంపు కొడుతున్నాయని మా అత్తగారు రోజూ ఒకసారైనా అనేది. అన్నాక ఆ పచ్చడే అందరికీ వడ్డించేది. మావగారు తెల్లవారకముందే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఆకాశం చూసేవారు. కొత్తలో వాన కోసం చూస్తున్నారేమో అనుకున్నాను. ఆయన చూసేది వెలుతురు. "ఇవాళ ముఖాలు బాగొస్తయ్" అనో, "ఇవాళ పెళ్లికొడుకులు గూడా దిగులుగా వస్తారు" అనో తీర్పు చెప్పి, అప్పుడు కాఫీ పుచ్చుకునేవారు. మిరపకాయల బస్తాలు బజారుకి వచ్చే రోజుల్లో ఫొటోకి కూచున్నవాళ్లు సరిగ్గా నవ్వమనే సమయానికి దగ్గేవారు. ఆ దగ్గు ఆగేదాకా మావగారు నల్లగుడ్డ కింద ఓపిగ్గా వంగి ఉండేవారు.

నా చెయ్యి కుదురైందని మావగారు ఎలా కనిపెట్టారో గాని, పెళ్లయిన ఏడాదికి నన్ను రీటచింగ్ బల్ల ముందు కూచోబెట్టారు. ఏటవాలు చెక్క, మధ్యలో గాజుపలక, కింద వెలుతురు పట్టే అద్దం. నెగెటివ్‌ని ఆ గాజు మీద పెట్టి, ఒక రకం వార్నిష్ పూసి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో చిన్న చిన్న చుక్కలు పెట్టాలి. ముఖంలో నల్లగా ఉండే ముడత, మచ్చ, కళ్ల కింద గుంట నెగెటివ్‌లో ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీని పెన్సిల్ నింపితే ప్రింటులో ముడత మాయమవుతుంది. తెల్లగా ఉన్నదాన్ని నలుపు చెయ్యాలంటే మాత్రం సన్నని కత్తితో గీకాలి, గీకింది మళ్లీ రాదు. అద్దం ఎవరింట్లోనైనా ఉంటుందమ్మాయ్, స్టూడియోకి అద్దంలో లేనిదాని కోసం వస్తారు అనేవారాయన. నేను అది మనసా వాచా నమ్మాను. పొద్దున వంటయ్యాక కిటికీ పక్కన కూచుంటే మధ్యాహ్నానికి నలుగురి వయసు తగ్గించి లేచేదాన్ని. నా పనితనం గురించి నాకు బాగా పొగరు ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికేం.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఈ ప్రాంతంలో పాత చేతిపనులు చేసేవాళ్ల ఫొటోలు కావాలి, ఎగ్జిబిషన్‌లో పెడతాం, ముసలివాళ్లవి ముఖ్యం అన్నాడు. ఆడవాళ్లు మగవాళ్ల కెమెరా ముందు నిలబడరని, మా ఆయనతో పాటు నన్ను కూడా పంపారు మావగారు. ఆదివారం ఆదివారం స్కూటరు మీద, ఒళ్లో, ముందు రెండు లెన్సులుండే రెండు కళ్ల కెమెరా పెట్టుకుని, ఊళ్లు తిరిగేవాళ్లం. నా జీవితంలో అంత గాలి నేను ఎప్పుడూ పీల్చలేదు. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి గుట్టల కింద రాళ్లు కొట్టేవాళ్లు కనుబొమలతో సహా తెల్లగా ఉండేవారు. ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డున ఒక యానాది తాత నీళ్లలో మోకాలిలోతున నిలబడి, చేపలు ఎటు పోతాయో నాకు వేలితో చూపించేవాడు. చేపలు అటే పోయేవి. తండాలో ఒక లంబాడీ అవ్వ, ఫొటో తీసేదాకా ఊరికే ఉండి, తీశాక నా చెయ్యి పట్టుకుని నా గాజులు మరీ తక్కువని తన భాషలో చీవాట్లు పెట్టింది. వాళ్లందర్నీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరికీ ఇరవయ్యేళ్లు తగ్గించాను. పట్నం పెద్దమనిషి చూసి చాలా బాగున్నాయండీ అన్నాడు. అందరూ పెళ్లిచూపులకి బయల్దేరినట్టున్నారు, మరి బాగుండకేం.

పోలమ్మని చూసింది ఆ తిరుగుళ్లలోనే. మున్నేటి ఒడ్డున ఎరుకలవాళ్ల గుడిసెలు పది పన్నెండుండేవి. పోలమ్మకి అరవై దాటి ఉంటాయి. ఈతబద్దలు, వెదురుబద్దలు చీల్చి బుట్టలల్లేది. ఊళ్లల్లో తిరిగి పచ్చబొట్లు పొడిచేది. ఒకప్పుడు ఎరుక కూడా చెప్పేదట గాని, జరగబోయేది చెప్పి చెప్పి విసుగేసి మానేశానని నవ్వింది. మా ఇళ్లల్లో ఎరుకలవాళ్లని ఎంత పెద్దవాళ్లయినా 'నువ్వు' అనే అనేవాళ్లం. నేనూ అలాగే అన్నాను, ఆవిడ నన్ను 'అమ్మా' అంది. అది మా ఇద్దరికీ తప్పుగా తోచని రోజులు. బుట్ట అల్లుతుండగా ఒక ఫొటో తీశాక, ఆవిడ చెయ్యి తుడుచుకుని లేచింది.

"అమ్మా, నాకొకటి తీత్తావా? ముఖం ఒక్కటే. మా చెల్లికి పంపాలి."

ఆ చెల్లెలి సంగతి చెప్పింది. పేరు చిట్టెమ్మ. ఒక కరువు ఏడాది వీళ్ల అమ్మ చిన్నదాన్ని గుంటూరు జిల్లాలో ఒక రైతు ఇంట్లో పనికి పెట్టి, పంటలయ్యాక వచ్చి తీసుకుపోతానని చెప్పి వచ్చిందట. తిరిగి వెళ్లేసరికి ఆ రైతు ఊరు మారాడు. పిల్ల ఏమైందో తెలియలేదు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది. పోలమ్మ మరిది కొడుకు కోటయ్య నెలకోసారి కృష్ణ రేవు దాటి అవతల సంతల్లో బుట్టలమ్మేవాడు. ఈ మధ్య సత్తెనపల్లిలో ఒక ఇంటి ముందు ఆగితే, ఆ ఇంటి ముసలావిడ బుట్ట కొనబోయి, దాన్ని తిరగేసి అడుగున అల్లిక చూసి, చాలాసేపు చూసి, ఇది ఎవరల్లారు బాబూ అని అడిగిందట. మా పెద్దమ్మ అన్నాడట కోటయ్య. ఆవిడ బుట్ట అతని చేతిలో పెట్టేసి లోపలికి పోయిందట.

"అడుగు నాలుగు బద్దలతో మొదలెట్టడం మా అమ్మ ఒక్కతే చేసేదమ్మా. నాకు మా అమ్మే నేర్పింది. అది మా చిట్టెమ్మే. నా ముఖం జూత్తే చాలు, పోలుచ్చుకుంటది."

ఫొటో తీశాను. నలభై ఏళ్లకు పైగా చూడని చెల్లెలికి పంపేది కదా అని, ఆ నెగెటివ్ మీద మామూలు కంటే రెండు రోజులు ఎక్కువ కూచున్నాను. నుదుటి ముడతలు నింపాను, బుగ్గల గుంటలు నింపాను. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు మూడున్నాయి, ఫొటోలో నల్లమచ్చల్లా పడ్డాయి. అవీ నింపాను. పని చూసుకుని నాకే ముచ్చటేసింది. కోటయ్య రేవుకి పోతూ స్టూడియోకి వచ్చి కవరు తీసుకుపోయాడు. పోలమ్మ ఆ ఫొటో చూడనేలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున పోలమ్మ స్టూడియో మెట్ల కింద నిలబడి పిలిచింది. చేతిలో ఆ కవరే ఉంది.

"అమ్మా, ఎవరిదో ఫొటో మావోడికిచ్చినట్టున్నావు. వాళ్లు ఎతుక్కుంటంటారు, తీసుకో" అంది.

"అది నీదే పోలమ్మా" అన్నాను.

ఆవిడ ఫొటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నన్ను చూసింది. నేను నవ్వుతున్నాను, మెచ్చుకుంటుందని. 

"నాదా? మరి మా అమ్మ పొయ్యి ఏదమ్మా?" అంది, గడ్డం మీద వేలు పెట్టుకుని.

మూడు చుక్కలూ వాళ్లమ్మ పొడిచినవి. వాళ్లు ఒకచోట ఉండేవాళ్లు కాదు, వారానికో ఊరు, వారానికో చోట మూడు రాళ్లు పెట్టి వండుకోవడం. ఎక్కడికి పోయినా మన పొయ్యి ఆరకూడదని, ఇద్దరాడపిల్లలకీ గడ్డం మీద మూడు రాళ్లూ పొడిచిందట ఆ తల్లి. ఆ వరస ఇంకెవరికీ పొడవలేదట. కోటయ్య తీసుకెళ్లిన ఫొటో చిట్టెమ్మ చేత్తో పట్టుకుని చూసి, "మా అక్కకి మా అమ్మ పొడిచిన పొయ్యుంది. ఈవిడకి లేదు. ఎవరో మారాజులింటి ఆడమనిషి" అని తిరిగిచ్చేసి, తలుపేసుకుందట.

"మళ్లీ పోతే తలుపు తీత్తదో తియ్యదో" అంది పోలమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

నాకు ముందు తోచింది సమర్థించుకోవడమే. మచ్చల్లా పడ్డాయి, అందరికీ అలాగే చేస్తాం అని ఏదో అన్నాను. గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. లోపల నుంచి మావగారు వచ్చారు. ఆయన అంతా విన్నట్టున్నారు.

"అమ్మాయ్, నెగెటివ్ ఉందా?"

"ఉందండీ."

"కత్తి పెట్టావా, పెన్సిలేనా?"

"పెన్సిలేనండి మావయ్యగారూ."

"బతికించావు. పోయి తుడువు" అన్నారు. తర్వాత మెట్ల వైపు తిరిగి, "నువ్వు గూడా రామ్మా, చూసుకుందువుగాని" అన్నారు.

మెట్లెక్కడానికి పోలమ్మ వెనకాడింది. ఆవిడ లోపలికి రావడం చూసి మా అత్తగారు ఏదో అనబోయి మావగారి ముఖం చూసి వంటింట్లోకి పోయింది. టర్పెంటైనులో ముంచిన దూదితో నా రెండు రోజుల పనితనం తుడిచేశాను. తుడవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎర్రదీపం కింద కాగితాన్ని మందు నీళ్లలో వేసి తొట్టి ఊపుతుంటే, పక్కన పోలమ్మ తొట్టిలోకి వంగి చూస్తోంది. మందు నీళ్లలో ముందు పైకి తేలేది బాగా నల్లగా ఉన్నవే. ముఖం ఇంకా రాలేదు, కాగితం తెల్లగానే ఉంది, దాని మీద ముందుగా మూడు చుక్కలు వచ్చాయి. "అమ్మా" అంది పోలమ్మ. నన్ను కాదు. తర్వాత కళ్లు వచ్చాయి, తర్వాత ఒక్కొక్క ముడతా వచ్చి తన చోట్లో తను కూచుంది. ఆ ముఖాన్ని నేను అప్పటిదాకా చూడనే లేదని నాకు అప్పుడు తెలిసింది. కెమెరాలోంచి చూశాను, బల్ల మీద రెండు రోజులు చూశాను, అయినా చూడలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఎర్రదీపంలో ఎవరికీ కనపడదు కదా అని ఏడ్చాను.

కోటయ్య మళ్లీ రేవు దాటాడు. వచ్చి చెప్పింది ఒక్కటే ముక్క: "తీసుకుందండి. తిరిగివ్వలా." అంతే. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. పోలమ్మ ఊళ్లోకి వచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగి, ఏ కబురూ లేదన్నట్టు తలూపి పోయేది. ఆ మూడు నెలల్లో నేను పాత నెగెటివ్‌లన్నీ తీసి, రాళ్లు కొట్టేవాళ్లవీ, యానాది తాతదీ, లంబాడీ అవ్వదీ, ఒక్కొక్కటే తుడిచాను. కొన్నిటి మీద కత్తి కూడా పెట్టి ఉన్నాను, అవి ఇంక అంతే. మావగారు చూసి, పెళ్లిళ్ల ఫొటోలకి మాత్రం పెన్సిల్ మానొద్దమ్మాయ్, మనం బతకాలి అన్నారు.

ఆ నెగెటివ్‌లు ఇప్పటికీ నా దగ్గర బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. అప్పుడప్పుడు కిటికీకి ఎత్తిపట్టి చూస్తాను. మున్నేటి ఒడ్డున ఆ గుడిసెల చోట ఇసుక తోడిన గోతులున్నాయి. వాళ్లకి రోడ్డు పక్కన కాలనీ ఇళ్లొచ్చాయి. అది మంచిదే, వరదొస్తే పరుగెత్తక్కర్లేదు. బుట్టలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. గుట్టల్లో సగం సిమెంటైపోయి ఎవరెవరి మేడల్లోనో ఉన్నాయి. మా స్టూడియో చోట ఇప్పుడు ఫోన్లకి అద్దాలు అతికిస్తారు. అప్పటి రోజులే మంచివని అనను. అప్పటి రోజుల్లో పోలమ్మ మెట్ల కిందే నిలబడేది. అయితే ఒక తేడా ఉంది. అప్పుడు ఒక ముఖం మీదున్నది చెరపాలంటే ఒక మనిషి దాని ముందు రెండు రోజులు కూచోవాల్సి వచ్చేది. తప్పు చేస్తే వచ్చి అడగడానికి ఒక గుమ్మం ఉండేది. మా స్నేహితురాలి మచ్చలు ఎక్కడికి పోయాయని నేను ఎవర్నడగాలి?

కబురు కోసం చూసిన ఆ ఏడాదే, చలికాలం మొదట్లో ఒక రోజు, భోజనాల వేళకి ముందు, పోలమ్మ వచ్చింది. వెనక ఇంకో ముసలావిడ. నీలంరంగు నేతచీర, తలలో పువ్వు, చేతిలో ప్లాస్టిక్ సంచి, చూడ్డానికి మా బంధువుల్లో ఎవరో అన్నట్టుంది. "మా చిట్టెమ్మ" అంది పోలమ్మ. ఆ రెండు మాటలు ఎన్నాళ్ల నుంచి దాచుకుందో, చాలా నెమ్మదిగా అంది. వేదాద్రి నరసింహస్వామి దర్శనానికని ఇంట్లో చెప్పి, కోటయ్యతో రేవు దాటి వచ్చిందట చిట్టెమ్మ. ఇద్దరికీ కలిపి ఫొటో కావాలి. మావగారు బల్ల తుడిచి ఇద్దర్నీ కూచోబెట్టారు. పోలమ్మ తమ ఎరుకల భాషలో ఏదో అంటే చిట్టెమ్మ తెలుగులో జవాబిస్తోంది. ఆ భాష అర్థమవుతోంది గాని, నోటికి రావడం లేదంది.

కెమెరాలోంచి చూస్తే చిట్టెమ్మ గడ్డం మీద చుక్కలు లేవు. వాటి చోట రూపాయి బిళ్లంత మేర చర్మం ముడుచుకుపోయి ఉంది. నేను చూడడం చూసి ఆవిడే చెప్పింది. "పెళ్లైనాక మా అత్త సున్నం, చాకలిసోడా కలిపి రుద్దిందమ్మా. పుండైపోయింది. ఆ బొట్లుంటే ఏ కులం పిల్లవో తెలిసిపోద్దని. మా ఆయనకి తెలుసు. నా కొడుకులకి తెలీదు. పెద్దోడు బడిలో అటెండరు. కోడలు మంచిదే గానీ..." అని ఆగింది.

ఫొటో తీశాను. మర్నాడు వస్తే ఇస్తామన్నారు మావగారు. ఇద్దరూ లేచారు. చిట్టెమ్మ గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చింది. అక్క వైపు చూడకుండా, నా దగ్గరగా వచ్చి, "అమ్మా, నాకొక కాపీ గోడకి పెట్టుకోవాలనుంది. తీర్థంలో కలిసిన అక్క అని చెప్పుకుంటా. కానీ... అక్క గడ్డం మీద..." అంది. మాట పూర్తి చెయ్యలేకపోయింది.

నాకు ఒళ్లు మండింది. అడిగినందుకు ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలియని మంట. ఇక మీదట ఎవరి ముఖం మీదా అలాంటివి ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. "ఆ పని నేను చెయ్యను" అన్నాను.

పోలమ్మ వింది. చెల్లెల్ని కాసేపు చూసింది.

"చెయ్యమ్మా" అంది. "ఆయేల నన్నడక్కుండా తుడిచావు. ఇయ్యాల నేనడుగుతన్నా. దాని గోడ మీద నేనుండొద్దా?" తన గడ్డం తడుముకుని, "నా కాపీలో మాత్రం దానికి గూడా పెట్టు. మూడూ ఎక్కడ పెట్టాలో నేను చూపిత్తా" అంది.

మర్నాడు ఎండపొడ రాగానే బల్ల ముందు కూచున్నాను. మూడు చుక్కలు నింపడం అయిదు నిమిషాల పని. నా పెన్సిల్ ములుకు రెండుసార్లు విరిగింది. ఆ ప్రింటు వేశాక, నెగెటివ్ తుడిచి రెండో ప్రింటు వేశాను. అది ఆరేసరికి అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు, వాళ్ల ముందే సన్నని కుంచెతో చిట్టెమ్మ గడ్డం మీద చుక్కలు పెట్టాను. పోలమ్మ నా భుజం మీద చెయ్యి వేసి వంగి, "కొంచెం కిందకి. ఆఁ, అదీ" అని ఒక్కొక్కటే చెప్పింది. చిట్టెమ్మ ఎదురుగా కూచుని, ఎవరో తన ముఖం మీదే పెడుతున్నట్టు గడ్డం ఎత్తి పట్టుకుంది.

రెండు ఫొటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో ఇద్దరికీ ఉన్నాయి. ఒకదాంట్లో ఇద్దరికీ లేవు. వాళ్లిద్దరూ నిజంగా ఎలా ఉన్నారో అలా ఒక్కటీ లేదు. పోలమ్మ చాలాసేపు ఇటూ అటూ చూసింది.

"పోన్లే చిట్టీ. రెండిట్లోనూ ఒక్కలాగే ఉన్నాం" అంది.

నిన్నటి నుంచి ఆపుకుంటున్న చిట్టెమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ అన్న మాట నాకు అర్థం కాలేదు. అది తెలుగు కాదు.